మూడో వరసలో తెల్ల టైలు

నాకు నోరెక్కువ. మా కొత్తగూడ అపార్ట్‌మెంట్‌లో ఈ సంగతి తెలియని వాచ్‌మన్ లేడు. లిఫ్టు ముందు చెత్తసంచి పెట్టి మాయమయ్యేవాళ్ళనీ, ఆర్నెల్లకోసారైనా నీళ్ళ ట్యాంకు కడిగించని అసోసియేషన్ వాళ్ళనీ నేను వదిలిపెట్టను. ముప్పై రెండేళ్ళు ప్రభుత్వ ల్యాబులో నీళ్ళు పరీక్షించి రిటైరైనదాన్ని, నాకు తెలియక ఇంకెవరికి తెలుస్తుంది? "రాజరాజేశ్వరి గారు ముక్కుసూటి మనిషండీ, ఉన్నదున్నట్టు చెప్పేస్తారు" అని అందరూ అంటారు. నేను కాదని ఎప్పుడూ అనలేదు. ఇరవై ఒక్కేళ్ళు ఆ మాట వింటూ, నవ్వి ఊరుకున్నాను.

మా పై అంతస్తులో ఉండే రసజ్ఞ జనవరిలో ఒకనాడు మా ఇంటికొచ్చింది. ఆ పిల్లది పింగాణీ పని. మదీనాగూడలో ఒక షెడ్డు తీసుకుని కరెంటు బట్టీ పెట్టుకుంది. ఖాజాగూడలో ఒక కంపెనీ వాళ్ళు రోడ్డువైపు ప్రహరీగోడ ఆమెకు అప్పగించి, దాని మీద మూసీ నది కావాలన్నారట. "నది అనగానే అందరూ నీలం రంగులో నాలుగు వంపులు తిప్పేస్తారు ఆంటీ. నాకు ఆ అబద్ధం వద్దు. అసలు నీళ్ళు కావాలి, వాటి లెక్కలతో సహా" అంది. అబద్ధం వద్దు అనే మాట నాకు బాగా నచ్చింది. ఆ పిల్లని కూచోబెట్టి పెసరట్టు వేసి పెట్టాను.

నీళ్ళలో ప్రాణవాయువు ఎంత ఉందో చూడటం నా ఉద్యోగంలో సగం. అందుకని అదే వివరించాను. నది ఒడ్డునే గాజు సీసా నింపాలి. అక్కడికక్కడే రెండు రసాయనపు మందులు పోసి, మూత బిగించి తిప్పాలి. కాసేపటికి అడుగున మడ్డి దిగుతుంది. ప్రాణవాయువు బాగా ఉంటే ఆ మడ్డి ముదురు గోధుమరంగులో ఉంటుంది. తగ్గేకొద్దీ రంగు వెలిసిపోతుంది. అసలు లేకపోతే తెలుపు, సున్నంలాగా. మిగతా లెక్కంతా ల్యాబులో తేల్చుకోవచ్చు గానీ, ఒడ్డున నిలబడ్డవాడికి సీసా చూడగానే సగం సంగతి తెలిసిపోతుంది.

రసజ్ఞ అట్టు తినడం ఆపేసింది. తన గోడ అదేనంది. మూసీ మీద మేం నెలనెలా నీళ్ళు తీసిన చోట్లు ఏడు, పైన పల్లెల దగ్గర నుంచి ఊరు దాటేదాకా. ఏడు చోట్లకి ఏడు వరసలు. పన్నెండేళ్ళకి నూట నలభై నాలుగు నెలలు, నెలకో టైలు. ఆ నెల సీసా ఏ రంగులో వచ్చి ఉంటుందో టైలు మీద పూతా అదే రంగు. ఆఫీసు రిజిస్టర్లు ఏ చెదలకి పోయాయో తెలియదు గానీ, నా సొంత నోటుపుస్తకాలు అటక మీద భద్రంగా ఉన్నాయి. మురిసిపోతూ దించి ఇచ్చాను. గోడ చివర నా పేరుతో ఒక టైలు పెడతానంటే, వద్దనాల్సింది పోయి, ఇంటిపేరు సరిగ్గా రాసిచ్చి పక్కన ఎం.ఎస్సీ. అని కూడా వేయమన్నాను. సిగ్గు లేదు మరి.

ఇచ్చేటప్పుడు 2004 జూన్ పేజీ గుర్తు రాలేదా అని మీరడగచ్చు. వచ్చింది. కానీ ఒక దొంగ అంకెని ఇరవై ఏళ్ళు అలాగే వదిలేస్తే అది కూడా మిగతా అంకెల్లాగే కనిపిస్తుంది. అదే సిరా, అదే చేతిరాత. వెయ్యి అంకెల్లో ఒకటి, ఎవడు చూడొచ్చాడు అనుకున్నాను.

మే నెల మూడో వారంలో గోడ చూద్దురుగాని రమ్మని రసజ్ఞ తీసుకెళ్ళింది. ఎండ మండిపోతోంది. అటు రాళ్ళగుట్టలు, ఇటు అద్దాల బిల్డింగులు, మధ్యలో మనిషెత్తుకి మించిన ఆ గోడ. నిజం చెప్పాలంటే చూడగానే నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పై మూడు వరసలు టేకు రంగులో నిగనిగలాడుతున్నాయి. నాలుగో వరస నుంచి రంగు పలచబడింది. కింది మూడు వరసలు ఇంచుమించు అంతా తెలుపే. ఊళ్ళోకి వచ్చాక నదిని మనం ఏం చేశామో ఎవరూ చెప్పక్కర్లేదు. అటుగా వెళ్తున్న సాఫ్ట్‌వేర్ పిల్లలు ఆగి ఫోటోలు తీసుకుంటున్నారు.

రసజ్ఞ మూడో వరస మీద చెయ్యి పెట్టి నడుచుకుంటూ పోయింది. ఈ వరసంటే తనకు ప్రాణమంది. పన్నెండేళ్ళలో ఒక్క తెల్ల టైలు లేదు, ఈ ఊరివాళ్ళు నదిని ఎంత బాగా చూసుకున్నారో అంది. నేను గొంతు సవరించుకున్నాను. సరిగ్గా అప్పుడే నిచ్చెన మీద నుంచి ఒక మనిషి దిగాడు. యాభై ఐదు, యాభై ఆరేళ్ళుంటాయి. నెరిసిన జుట్టు, చేతిలో తాపీ, వేళ్ళకి సిమెంటు.

"నమస్తే మేడం. బాగున్నరా?" అన్నాడు.

పోచయ్య. మా ల్యాబులో ఎనిమిదేళ్ళు రోజుకూలీ మీద పనిచేసిన అటెండరు. నది దగ్గరికి బస్సులో వెళ్ళి, సీసాలు నింపి, మందులు పోసి, చెక్కపెట్టెలో పెట్టి తెచ్చేవాడు. నేను ఏం చేశానో తెలుసా? "ఆఁ" అని, ముక్కూమొహం తెలియని మేస్త్రీ పలకరిస్తే ఎలా అంటామో అలా అని, గోడ వైపు తిరిగాను. తేలు కుట్టిన దొంగ అరవడు కదా. పోచయ్య లోపలికి వెళ్ళి ఒక ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి, తుడిచి, నీడలో వేశాడు. ఆ కుర్చీలో కూర్చున్నాను.

ఇప్పుడు ఆ జూన్ సంగతి చెప్పాలి. చెప్పకపోతే ముందుకు పోలేం.

మూడో చోటు పోచయ్యకి అత్తగారి ఊరు. అక్కడ మూసీకి అడ్డంగా చిన్న ఆనకట్ట ఉంది, వాళ్ళు కత్వ అంటారు. కత్వ దగ్గర నిలిచిన నీళ్ళలో ఊరి మత్స్యకారుల సంఘం చేపలు పెంచేది. ఏడాదంతా పెంచేది మిర్గం కోసమే. మృగశిర కార్తె రోజు ఈ తెలంగాణలో చేప తినని ఇల్లుండదు. ఆ ఒక్క రోజు బేరం మీదే ఆ ఊళ్ళో యాభై ఇళ్ళు ఏడాది గడిపేవి. మేం నీళ్ళు తీసే చోటు కత్వకి రెండు కిలోమీటర్ల పైన.

జూన్ మూడో తేదీ సాయంత్రం పోచయ్య సీసా తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. మడ్డి తెల్లగా ఉంది. "తెల్లగొచ్చింది మేడం. నీళ్లు గూడ వాసనొస్తున్నయి. జర మళ్ల చూడుండ్రి" అన్నాడు. ఆ చోట అప్పటిదాకా తెలుపు రాలేదు. వస్తే ఏం చేయాలో రూలుంది. వెంటనే పైవాళ్ళకి ఫోన్ చేయాలి, రెండో రోజు పొద్దున్నే అనలిస్టు స్వయంగా నది దగ్గరికి వెళ్ళి మళ్ళీ తీయాలి. ఆ అనలిస్టుని నేను. ఆ రాత్రి గౌతమి ఎక్స్‌ప్రెస్‌కి కాకినాడ టికెట్టు ఉంది నాకు, మా చెల్లెలి కూతురి పెళ్ళి. "మందులు సరిగ్గా పోసి ఏడవలేదు నువ్వు, నాకు కెమిస్ట్రీ నేర్పుతావా" అని కసిరాను. సీసా సింకులో ఒంపాను. కిందటి నెల ఆరు పాయింట్ రెండు ఉంది. పుస్తకంలో ఆరు అని రాసి, సంతకం పెట్టి, రైలెక్కాను.

ఎవరో దొంగచాటుగా ట్యాంకర్లు ఒంపిన నీళ్ళవి. పైనుంచి మెల్లగా దిగి కత్వ చేరేసరికి నాలుగు రోజులు పట్టింది. మిర్గం రేపనగా చేపలన్నీ తెల్లటి పొట్టలు పైకి పెట్టి తేలాయట. మూడో తేదీ సాయంత్రమే తెలిసుంటే రాత్రికి రాత్రి వలలు వేసి పట్టుకుని అమ్ముకునేవాళ్ళు. నేను పెళ్ళి నుంచి కాజాలు పట్టుకుని తిరిగొచ్చాను. ఇంకా ఏమీ తెలియక పోచయ్యకి కూడా ఒక పొట్లం ఇచ్చాను. అతను తీసుకున్నాడు, మొహం మాత్రం ఎత్తలేదు.

విచారణకి రామబ్రహ్మం గారని పెద్దాయన వచ్చారు. మూడో తేదీన ఆరు ఎలా వచ్చిందమ్మా అని అడిగారు. నోరెక్కువదాన్ని, ఆ రోజు మాత్రం నోరు పెగల్లేదు. కాగితం మీద ఒక్క వాక్యం రాసిచ్చాను. నమూనా సేకరణలో పొరపాటు జరిగి ఉండవచ్చు అని. అంతే. పోచయ్య ఆ నెల పర్మనెంటు కావాల్సిన జాబితాలో ఉన్నాడు. పేరు కొట్టేశారు, పని నుంచి తీసేశారు. వెళ్ళేటప్పుడు నా గది ముందు కాసేపు నిలబడ్డాడు. నేను తల దించుకుని ఏదో రాస్తున్నట్టు కూచున్నాను. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని మా అమ్మ అనేది. నేను తొక్కాను, ఇంతవరకూ కడగలేదు. మా ఆయనకి కూడా చెప్పలేదు.

గోడ దగ్గర ఆ కుర్చీలో కూర్చుని ఇదంతా తలుచుకుంటుంటే ఒకామె ఫ్లాస్కు పట్టుకుని వచ్చింది. పోచయ్య భార్య కనకమ్మ. మొగుడు టైలు పెడితే ఆమె సందుల్లో తెల్ల సిమెంటు పూసి తుడుస్తుంది. ఆమె నన్నెప్పుడూ చూడలేదు. రసజ్ఞ నన్ను అపార్ట్‌మెంట్ ఆంటీ అని చెప్పిందంతే. ఈ పాపకి చిన్నమ్మవా అని అడిగింది. అలాంటిదే అన్నాను. గాజు గ్లాసులో చాయ్ పోసి ఇచ్చింది. అల్లం బాగా దంచి వేసిన చాయ్.

చదువు రాదు గానీ ఆమెకి గోడ బాగా తెలుసు. మూడో వరస చూపించి, అది మా తల్లిగారి ఊరి నీళ్ళమ్మా అంది. పన్నెండో టైలూ ఇరవయ్యో టైలూ తన చేత్తోనే తుడిచానంది. ఆ ఊరు వెళ్తుంటావా అని నేనడగలేదు. అడిగే ధైర్యం ఎక్కడిది? ఆమే చెప్పుకుపోయింది. ఇరవై ఏళ్ళయింది తన మొగుడు ఆ ఊరి పొలిమేర దాటి. నది దాకా పోకుండా ఎక్కడో బోరింగు నీళ్ళు సీసాలో పట్టి ఇచ్చాడనీ, సొంత బావమరుదుల చేపలు చంపాడనీ ఊరంతా అనుకుంది. సంఘంలో పెద్దగా ఉన్న తన తమ్ముడు లింగమూర్తి ఆ రోజు నుంచి బావతో మాట్లాడలేదు. నీళ్ళ దొంగ అంటే ఆ ఊళ్ళో పిల్లలకి కూడా తెలుసు. తను ఒక్కతే పోయి వస్తుంది, అదీ చావులకి.

"మా అవ్వ సచ్చిపోయిన్నాడు గూడ ఈయన బస్టాండ్ల గూసున్నడమ్మా. పొద్దుగూకేదాక గూసొని, నేనొచ్చినంక ఎమ్మటి వచ్చిండు" అంది. కొంగుతో కళ్ళు తుడుచుకుని, గ్లాసులో ఇంకొంచెం చాయ్ పోసింది. "ఆఫీసుల ఒక మేడం ఉండెనట. ఆమెకు అంత ఎరుకనట. నేను ఆమెను తిట్టని దినం లేదు. ఈయన ఒక్క మాట అననియ్యడు. ఊకోయే, ఆమెకు గూడ ఏం పరేషాన్ ఉండెనో అంటడు."

నిచ్చెన మీద పోచయ్య చెయ్యి ఆగింది. అంతా వింటున్నాడు. తిరిగి చూడలేదు. గ్లాసు కింద పెట్టి, ఎండగా ఉందని, బీపీ మాత్ర వేసుకోవాలని ఏదో గొణిగి లేచాను. మర్నాడు వెళ్ళకూడదనుకుంటూనే మళ్ళీ వెళ్ళాను. ఆమె మళ్ళీ చాయ్ ఇచ్చింది, మళ్ళీ తాగాను.

ఆ రాత్రి నిద్రపోలేదు. తెల్లారి రసజ్ఞ దగ్గరికి వెళ్ళి, మూడో వరసలో 2004 జూన్ టైలు మార్చాలని చెప్పాను. ఎందుకంది. నోటుపుస్తకంలోకి ఎక్కించడంలో పొరపాటు పడ్డానమ్మా, ఆ నెల సున్నా వచ్చింది, కళ్ళజోడు లేకుండా చూసుకున్నాను అన్నాను. చూశారా, నిజం చెప్పడానికి వెళ్ళి కూడా కళ్ళజోడు మీదకు తోశాను. ఆ పిల్ల పాపం నన్ను మెచ్చుకుంది. ఈ వయసులో ఇంత నిజాయితీ ఎవరికుంటుంది ఆంటీ అంది. మూడు రోజుల్లో తెల్ల టైలు కాల్చి తెచ్చింది. నదికి న్యాయం జరిగింది కదా, ఇక చాలు అని నాకు నేను చెప్పుకున్నాను. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు.

పాత టైలు పీకడం పోచయ్యకి పెద్ద పనే అయింది. పక్క టైళ్ళ అంచులు పగలకుండా సన్న ఉలితో అరగంటసేపు తొలిచాడు. కొత్తదానికి వెనక సిమెంటు పట్టించి, కూర్చోబెట్టి, రబ్బరు సుత్తితో తట్టాడు. గోధుమరంగు వరస మధ్యలో ఒక్కటే తెలుపు. దాని మీద అరచెయ్యి అలాగే పెట్టి నా వైపు తిరిగాడు.

"తెల్లగొచ్చింది మేడం" అన్నాడు.

ఇరవై ఒక్కేళ్ళ కిందట బల్ల ముందు నిలబడి అన్న మాటే. అదే గొంతు. కనకమ్మ పక్కనే తడిగుడ్డ పిండుతోంది. అతను ఆగాడు. నేను ఏదో అంటానని ఆగాడు, అది నాకు తెలుసు. "మట్టం సరిగ్గా చూసుకో" అన్నాను. అని, ఫోన్ తీసి ఆటో బుక్ చేసుకున్నాను.

జూన్ ఆరున గోడ ప్రారంభం. మిర్గానికి రెండు రోజుల ముందు. ఏడు చోట్ల నుంచీ మనుషుల్ని పిలిచింది రసజ్ఞ, నది వాళ్ళది కదా అని. ఒక చిన్న బస్సు పెట్టి తీసుకొచ్చింది. కంపెనీ వాళ్ళు షామియానా వేసి, సమోసాలు తెప్పించారు. నేను గంజిపెట్టిన చీర కట్టుకుని వెళ్ళాను. గోడ చివర, కింద, నా పేరు టైలు అప్పటికే పెట్టేసి ఉంది. నల్లటి అక్షరాలు, ఎం.ఎస్సీ.తో సహా. పోచయ్య దంపతులు పనిబట్టల్లోనే ఒక పక్కగా, పనిముట్ల దగ్గర నిలబడ్డారు.

పై అంచున నెలలూ సంవత్సరాలూ రాసి ఉన్నాయి. మూడో ఊరి నుంచి ఐదారుగురు వచ్చారు. వాళ్ళెవరూ మొదటి టైలు నుంచి చూడలేదు. వాళ్ళ కళ్ళు నేరుగా 2004 జూన్‌కి పోయాయి. ఆ వరసంతా గోధుమరంగు, అక్కడొక్కటే తెలుపు. వాళ్ళలో ఒక కుర్రాడు, అదేంది తాతా అక్కడ ఒక్కటే ఖాళీగా వదిలేసిన్రు అని అడిగాడు. తువ్వాలు భుజాన వేసుకున్న ఒక మనిషి, కనకమ్మ పోలికలే మొహంలో, గోడ వైపు చూస్తూ చెప్పాడు.

"గది పోచయ్య నీళ్లు తేని నెల. తేలేదు గనక ఖాళీ పెట్టిన్రు. గోడ గూడ సాక్ష్యం చెప్పింది సూడు."

అతను లింగమూర్తి. గట్టిగా ఏమీ అనలేదు, మామూలుగానే అన్నాడు. కానీ పోచయ్య దాకా వినబడింది. పోచయ్య వంగి తాపీలూ సుత్తీ సంచిలో సర్దడం మొదలుపెట్టాడు. కనకమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను చేసిన సగం మేలు వాళ్ళ నెత్తిన ఏమై పడిందో అప్పుడు నాకు కనబడింది. ఇరవై ఏళ్ళుగా నోటిమాటగా ఉన్న నిందని తెచ్చి నేను గోడకెక్కించాను. అదీ అతని చేత్తోనే.

సరిగ్గా అప్పుడే రసజ్ఞ మైకులో నా పేరు చెప్పింది. ఈ గోడకి ప్రాణం పోసిన సైంటిస్టు, ఒక్క అంకె తప్పయినా నిద్రపట్టని మనిషి అంది. చప్పట్లు కొట్టారు. మైకు నా చేతికిచ్చారు. రాసుకొచ్చిన కాగితం ఉంది, ప్రాణవాయువు గురించి, తరతరాల గురించి. అది తెరవలేదు. ఏడుపొస్తుందేమో అనుకున్నాను, రాలేదు. సిగ్గు ఎక్కువైతే ఏడుపు కూడా రాదని ఆ రోజు తెలిసింది.

"మూడో వరసలో ఆ తెల్ల టైలు ఖాళీ కాదు" అన్నాను. "అది సున్నా. ఆ నెల నీళ్ళలో ప్రాణం లేదు. పోచయ్య నది దగ్గరికి వెళ్ళాడు. ఒకటి కాదు, రెండు సీసాలు నింపాడు. మొదటిది తెల్లగా వస్తే, తన చేతిలోనే తప్పు జరిగిందేమోనని రెండోది కూడా నింపాడు. రెండూ తెచ్చి నా బల్ల మీద పెట్టి, మళ్ళీ చూడండి మేడం అన్నాడు. రెండూ సింకులో పారబోసింది నేను. రైలుకి ఆలస్యమవుతుందని ఆరు అని దొంగ అంకె రాసింది నేను. విచారణలో తప్పు అతనిదై ఉండవచ్చని రాసిచ్చిందీ నేనే. మీ చేపలు పోచయ్య వల్ల పోలేదు. నా వల్ల పోయాయి."

మీకు కూడా ఇందాక ఒక సీసా అనే చెప్పాను. ఒక్క సీసా అయితే మందులు సరిగ్గా పోయలేదని అనుకోవడానికి కొంచెం చోటుంటుంది. రెండో సీసాకి ఆ చోటు లేదు. అందుకే ఇన్నేళ్ళూ నాకు నేను చెప్పుకునేటప్పుడు కూడా ఒకటే అని చెప్పుకునేదాన్ని.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కంపెనీ మనిషి మైకు తీసుకోవాలో వద్దో తెలియక నా పక్కన నిలబడ్డాడు. రసజ్ఞ నా మొహం చూడలేకపోయింది. లింగమూర్తి నా వైపు చూడనైనా చూడలేదు. సమోసా ప్లేటు కుర్చీలో పెట్టి, జనం మధ్య నుంచి నడుచుకుంటూ పోయి పోచయ్య ముందు నిలబడ్డాడు. తర్వాత లింగమూర్తి వంగి, పనిముట్ల సంచి తన భుజాన వేసుకున్నాడు.

"ఎల్లుండి మిర్గం. ఇంటికి రా బావా" అన్నాడు. అని, అంతవరకే చేతనైనట్టు, తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

కనకమ్మ మాత్రం నా దగ్గరికొచ్చింది. తిడుతుందనుకున్నాను. రోజూ తిట్టానంది కదా, నా ఎదురుగానే తిడితే బాగుండునని కూడా అనుకున్నాను. ఆమె నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. "రెండు దినాలు నా చేతి చాయ్ తాగినవు గదమ్మా" అంది. "అప్పుడన్న జెప్పకపోతివి." అంతే అని వెళ్ళిపోయింది. ఉన్న మాట అదే. చెప్పడానికి నాకు ఇరవై ఒక్కేళ్ళు అక్కర్లేదు, ఒక గ్లాసు చాయ్ తాగినంతసేపు చాలు.

షామియానా విప్పుతున్నారు. ఊరి బస్సు స్టార్టు చేసి ఉంది, పోచయ్య ఎక్కబోతున్నాడు. నేను వెనకాల పరుగులాంటి నడకతో వెళ్ళి పిలిచాను. క్షమించమని అడగడానికి నోరు రాలేదు, అడిగితే క్షమిస్తాడేమోనని భయం కూడా. ఆఖరికి గోడ చివర చూపించాను. నా పేరు టైలు పీకెయ్యి పోచయ్యా, దానికి అక్కడ ఉండే అర్హత లేదు, రసజ్ఞతో నేను చెబుతాను అన్నాను.

అతను గోడ వైపు చూశాడు. తర్వాత నా వైపు. ఆ కళ్ళలో కోపం ఉందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు.

"ఒక టైలు మీరు చెప్తే పీకిన మేడం. ఇది పీకను" అన్నాడు. "ఇరవై ఒక్క ఏండ్లు నా పేరు ఊర్ల గట్లనే ఉన్నది. ఎవ్వరు తీయలె. మీది గూడ ఉండనియ్యిండ్రి."

బస్సెక్కాడు. కనకమ్మ కిటికీ పక్కన కూచుని ఉంది, లింగమూర్తి సంచి ఒళ్ళో పెట్టుకుని ముందు సీట్లో కూచున్నాడు. బస్సు రాళ్ళగుట్ట మలుపు తిరిగి పోయింది.

ఆ తర్వాత చాలాసార్లు ఆ గోడ ముందు నుంచి వెళ్ళాను. మూడో వరస తెల్ల టైలు ముందు ఎవరో ఒకరు ఆగి ఉంటారు. ఆ నెల ఏం జరిగిందో, ఎవరు దాచారో ఈ చుట్టుపక్కల అందరికీ తెలిసింది. మా అపార్ట్‌మెంట్‌లో నన్ను ముక్కుసూటి మనిషి అని ఇప్పుడెవరూ అనడం లేదు. గోడ చివర, కింద, నా పేరు ఇంకా అక్కడే ఉంది, ఎం.ఎస్సీ.తో సహా.